పరపతి ఉన్నా ప్రమాణం కుదరలేదు: డేవిడ్ సాలమన్స్ మేయరు అయిన తీరు

తెలుగులో ‘పరపతి’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. సహకార సంఘాల లెక్కల్లో అది అప్పు, ఊళ్లో నలుగురి నోట పలుకుబడి. సర్ డేవిడ్ సాలమన్స్ (1797–1873) జీవితంలో ఈ రెండర్థాల మధ్య ఉన్న దూరమే అసలు కథ. లండన్ డబ్బు బజారులో మొదటి రకం పరపతికి ఆయనకు లోటు లేదు. రెండోదాని కోసం మాత్రం ఇరవై ఏళ్లు పెనుగులాడాడు. ‘లండన్‌కు మొదటి యూదు లార్డ్ మేయరు’ అన్న ఒక్క ముక్కతో ఆయన ప్రస్తావన సాధారణంగా ముగిసిపోతుంది. నాకు అంతకన్నా ఆసక్తి కలిగించేది ఆయన పట్టిన దారి. చట్టం మారేదాకా ఆగి అప్పుడు పోటీ చేద్దామని ఆయన అనుకోలేదు. ముందు గెలిచేవాడు, ఆ గెలుపును తెచ్చి చట్టం ముందు పెట్టేవాడు.

ఇక్కడ మేయరు అంటే 2000లో మొదలైన మహా లండన్ మేయరు పదవి కాదు. సుమారు ఒక చదరపు మైలు విస్తీర్ణమున్న పాత ‘సిటీ’కి, అంటే వర్తకుల, బ్యాంకర్ల లండన్‌కు, ఏటా మారే పెద్ద. ఆ గద్దెకు చేరాలంటే మెట్లెక్కాలి: ముందు షెరీఫ్ కావాలి, ఒక వార్డు తరఫు ప్రతినిధిగా, అంటే ఆల్డర్‌మన్ కావాలి, ఆ తర్వాతే మేయరు.

యూదులకు ఆ మెట్ల దగ్గరికి వెళ్లడమే గగనం. 1697 నుంచి రాయల్ ఎక్స్ఛేంజిలో యూదు బ్రోకర్లు పన్నెండుగురికి మించకూడదన్న నియమం ఉండేది. ఒక చోటు ఖాళీ అయితే దాని కోసం లార్డ్ మేయరుకు పెద్ద మొత్తమే ముట్టజెప్పాల్సి వచ్చేది. సాలమన్స్ పుట్టింది ఆ లండన్‌లోనే. తండ్రి లెవీ వ్యాపారస్తుడు. 1823లో పెళ్లాడిన జెనెట్, రోత్‌షీల్డులు, మాంటిఫియోరీల వంటి సంపన్న యూదు కుటుంబాలతో చుట్టరికమున్న కోహెన్ల ఇంటి పిల్ల. డబ్బున్న వలయమే, కాని సిటీ పాలనలో వాళ్లకు చోటు లేదు.

ఆయన ఆర్థిక జీవితంలో ముఖ్యమైన ఘట్టం లండన్ అండ్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు స్థాపన. అప్పటిదాకా రాజధానిలో బ్యాంకింగ్ అంటే ఒకవైపు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గుత్తాధిపత్యం, మరోవైపు కొద్దిమంది భాగస్తులు నడిపే ప్రైవేటు బ్యాంకులు. 1826 చట్టం వాటాదారుల బ్యాంకులను అనుమతించినా లండన్‌కు 65 మైళ్ల అవతలే పెట్టుకోమంది. సొంత నోట్లు అచ్చువేయకపోతే లండన్‌లోనూ పెట్టుకోవచ్చని 1833లో తేలింది. మరుసటి ఏడే ఈ బ్యాంకు తలుపులు తెరిచింది. దాని స్థాపకుల్లో సాలమన్స్ ఒకడు, మేనేజరు జేమ్స్ విలియం గిల్బార్ట్. డిపాజిట్లపై వడ్డీ ఇవ్వడం పాత బ్యాంకర్ల కంట్లో నలుసైంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దానికి ఖాతా ఇవ్వనంది. తన పేరు మీద దావా వేసే హక్కు కూడా 1844 దాకా ఆ బ్యాంకుకు లేదు. బ్యాంకుల చెక్కులు మారే క్లియరింగ్ హౌస్ లోపలికి 1854 దాకా రానివ్వలేదు. ఖాతాదారులు నమ్మి సొమ్ము దాచుకున్న సంస్థ, బ్యాంకర్ల బల్ల దగ్గర మాత్రం ఇరవై ఏళ్లు వెలివేసినట్టే మిగిలింది. 1837లో సాలమన్స్ వాటాదారుల బ్యాంకులను సమర్థిస్తూ ఒక చిన్న పుస్తకం రాశాడు. బ్యాంకు కథను, దాని స్థాపకుడి కథను పక్కపక్కన పెట్టి చదవడం అతి అనిపించవచ్చు. కాని రెంటిలోనూ అడ్డుపడ్డవాళ్లు సిటీ పెద్దలే, తేదీలు కూడా దాదాపు జంటగా నడుస్తాయి.

సాలమన్స్‌కు అడ్డమైనది నిజానికి ఒక్క మాట. 1828లో ఆంగ్లికన్ చర్చిలో చేరని ప్రొటెస్టెంట్ల కోసం పాత ఆంక్షలు ఎత్తేసినప్పుడు, పదవి చేపట్టేవారు చేయాల్సిన ప్రకటనలో ‘నిజమైన క్రైస్తవ విశ్వాసం మీద’ అన్న పదబంధాన్ని ప్రభువుల సభ చేర్చింది. కొందరికి తలుపు తీసిన చట్టమే మరికొందరి ముందు గడియ పెట్టింది. దీన్ని దాటే దొడ్డిదారి ఒకటుంది, బాప్తిస్మం. యూదు కుటుంబంలో పుట్టి తర్వాత ప్రధాని అయిన డిజ్రేలీకి చిన్నతనంలోనే, 1817లో, తండ్రి అది ఇప్పించాడు. ఇరవై ఏళ్లకు ఆ కుర్రవాడు పార్లమెంటులో కూర్చున్నాడు. సాలమన్స్ ఆ దారి తొక్కలేదు.

1835లో లండన్ షెరీఫ్‌గా ఎన్నికయ్యాడు. ఆ ప్రకటన అడ్డురాకుండా అదే ఏడాది పార్లమెంటు షెరీఫుల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. మొదటి మెట్టు దాటాడు. ఆ ఏడాదే ఆల్డ్‌గేట్ వార్డు ఆయనను ఆల్డర్‌మన్‌గా ఎన్నుకుంది. ప్రకటన చేయలేదు గనక ఆల్డర్‌మన్ల సభ ఆయనను చేర్చుకోలేదు. 1844లో పోర్ట్‌సోకెన్ వార్డు ఎన్నుకుంది, మళ్లీ అదే జవాబు. ఈసారి ఆయన నేరుగా ప్రధాని పీల్ ప్రభుత్వాన్ని కదిపాడు. 1845లో లార్డ్ ఛాన్సలర్ లిండ్‌హర్స్ట్ తెచ్చిన బిల్లు యూదులకు పురపాలక పదవులు తెరిచింది. ఆ సందర్భానికి గుర్తుగా సాలమన్స్ సిటీ ఆఫ్ లండన్ స్కూల్లో ఏ మతం పిల్లవాడికైనా అందేలా ఏడాదికి 50 పౌండ్ల ఉపకారవేతనం ఏర్పాటు చేశాడు. 1847లో కార్డ్‌వెయినర్ వార్డు నుంచి ఆల్డర్‌మన్ అయ్యాడు.

ఆయన తీరు పూర్తిగా బయటపడేది 1851లో. పార్లమెంటు ప్రమాణంలోనూ అదే పదబంధం అడ్డు. సిటీ నుంచి 1847లోనే పార్లమెంటుకు గెలిచిన యూదు బ్యాంకరు లయొనెల్ డి రోత్‌షీల్డ్ కామన్స్ సభలో స్థానం తీసుకోలేక వేచి చూస్తున్నాడు. గ్రీనిచ్ నుంచి గెలిచిన సాలమన్స్ మాత్రం లోపలికి నడిచాడు. ఆ పదబంధం వదిలేసి ప్రమాణం చేశాడు. వెళ్లమంటే వెళ్లాడు, కొద్ది రోజులకే తిరిగొచ్చి కూర్చున్నాడు, మాట్లాడాడు, మూడుసార్లు ఓటు వేశాడు. చివరికి సభాధికారి వచ్చి బయటికి పంపాల్సి వచ్చింది. 1852లో ఎక్స్‌చెకర్ కోర్టు, ఒక న్యాయమూర్తి విభేదించినా, ఆయనకు 500 పౌండ్ల జరిమానా ఖాయం చేసింది. జాగ్రత్తపరుడైన బ్యాంకరు చేసే పనేనా ఇది? అవుననే నా అభిప్రాయం. ఎంత నష్టం రావచ్చో ముందే లెక్క కట్టుకుని దిగినవాడి నిబ్బరం అందులో కనిపిస్తుంది. పార్లమెంటు తలుపు 1858లో తెరుచుకుంది. ముందు లోపలికి వెళ్లింది రోత్‌షీల్డే. 1859లో గ్రీనిచ్ సాలమన్స్‌ను మళ్లీ పంపింది, చనిపోయేదాకా ఆ స్థానం ఆయనదే. 1869లో బారనెట్ బిరుదు వచ్చింది.

అయితే మేయరు గద్దె అంతకుముందే దక్కింది. 1855 నవంబరులో, తన బ్యాంకును క్లియరింగ్ హౌస్ చేర్చుకున్న మరుసటి ఏడాది, ఆయన లార్డ్ మేయరు అయ్యాడు. ఒకనాడు యూదు బ్రోకర్ల దగ్గర సొమ్ము పుచ్చుకున్న కుర్చీ అది. ఆ రోజుల ఆచారం ప్రకారం కొత్త మేయరు ఊరేగింపుగా వెస్ట్‌మినిస్టర్‌కు వెళ్లి, ఎక్స్‌చెకర్ న్యాయమూర్తుల ముందు ప్రమాణం చేయాలి. మూడేళ్ల కిందట ప్రమాణం చెల్లలేదని సాలమన్స్‌కు జరిమానా వేసింది ఆ కోర్టే. అక్కడికి కొన్ని అడుగుల దూరంలోనే కామన్స్ సభ ఉంది. దాని తలుపు ఆ రోజుకు ఇంకా మూసే ఉంది.