తుఫానుకు మాఫీ, జబ్బుకు గడువు

దివిసీమ కౌలు చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా రెండు చోట్ల ఆగుతారు. ఒకటి చల్లపల్లి జమీందారు భూముల మీద నడిచిన పోరాటం, రెండోది 1977 నవంబరు 19 నాటి ఉప్పెన. ఇంట్లో ఒకరు మంచాన పడో, ఇంటి పెద్ద పోయో, మక్తా, అంటే ముందే ఖాయం చేసుకున్న కౌలు, కట్టలేక చేలోంచి దిగిపోయిన మనిషి కథ ఈ రెండింటిలోనూ ఇమడదు. అతని వెనక జెండా లేదు, అతనికి సహాయ శిబిరమూ లేదు. దివిసీమలోని ఘంటసాల చుట్టుపక్కల గత నూట యాభై ఏళ్లలో భూమి చట్టాలు నడిచిన తీరు చూస్తే నాకు కనిపించేది ఇదీ: ఊరంతటికీ వచ్చిన కష్టాన్ని చట్టం ఆలస్యంగానైనా గుర్తించింది. ఒక్క ఇంటికి వచ్చిన కష్టాన్ని మాత్రం ఆసామి మంచితనానికి వదిలేసింది.

ఈ సీమలో చాలా భాగం ఒకప్పుడు చల్లపల్లి రాజాల దేవరకోట ఎస్టేటు. 1865 నాటి మద్రాసు శిస్తు వసూలు చట్టం కింద, జమీందారు ఇచ్చిన పట్టా పుచ్చుకోనన్న రైతును భూమి నుంచి వెళ్లగొట్టే వీలుండేది. అసలు జమీందారీ రైతు ఏడాదికేడాది ఉండే అద్దె మనిషా, భూమి మీద నిలకడ హక్కున్నవాడా అన్న తగాదా కోర్టుల్లో చాలాకాలం నలిగింది. 1890ల్లో దండమూడి కోటయ్య కేసులో మద్రాసు హైకోర్టు, జమీందారీ రైతును ఏటేటా మార్చదగ్గ కౌలుదారుగా చూడకూడదని తేల్చింది. ఆ వాదమే 1908 ఎస్టేట్ల భూమి చట్టంలో స్థిరపడింది. ఆ తర్వాత శిస్తు బాకీ పడితే జమీందారు పంట జప్తు చేయించవచ్చు, కమతం వేలం వేయించవచ్చు. కానీ దేనికైనా ఒక పద్ధతి ఉంది, ఒక కాగితం ఉంది, జవాబు చెప్పుకోవడానికి ఒక కచేరీ ఉంది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఈ రైతులు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పట్టాదారులయ్యారు. ఆ గెలుపును తక్కువ చేయనక్కర్లేదు. అయితే అది పట్టా ఉన్నవాడి దగ్గరే ఆగిపోయింది. ఆ పట్టాదారు దగ్గర మక్తాకు పుచ్చుకుని నిజంగా దుక్కి దున్నిన మనిషికి 1865 నాటి రైతుకున్నపాటి భద్రతే మిగిలింది.

అతని కోసం వచ్చింది 1956 ఆంధ్ర కౌలుదారీ చట్టం. తుఫాను, వరద, కరువు లాంటి విస్తారమైన విపత్తుల్లో పంట దెబ్బతింటే కౌలు తగ్గించమని అడిగే హక్కు అందులో ఉంది. ఇష్టం వచ్చినప్పుడు లేచిపొమ్మనడానికి వీల్లేదు. ఆసామి అధికారి ముందు దరఖాస్తు పెట్టుకుని కారణం చూపాలి. ఆ కారణాల్లో మొదటిది కౌలు బాకీ. ఒప్పుకున్న తేదీ నుంచి, ఒప్పందంలో తేదీ లేకపోతే ఆ ఊరి వాడుక ప్రకారం కట్టాల్సిన రోజు నుంచి, నెలలోపు కట్టకపోతే కౌలు రద్దు కోరవచ్చు.

ఆ నెల గడువును ఘంటసాల మాగాణిలో పెట్టి చూడాలి. ఇక్కడ సార్వా వరి కోతకు కొద్దిరోజుల ముందు, చేలో పదును ఆరకముందే, నిలబడి ఉన్న పైరులో మినుములు చల్లుతారు. వరి కోసి పనలు తీసేసరికి మొలక లేచి ఉంటుంది. ఆపైన దుక్కీ లేదు, నీళ్లూ లేవు; మంచు మీదా, నేలలో మిగిలిన తేమ మీదా డెబ్బై ఎనభై రోజుల్లో పంట చేతికొస్తుంది. వడ్లు కళ్లంలో కొలిచి మక్తా బస్తాలు ఆసామికి తోలేది సంక్రాంతి అటూ ఇటూ. కౌలు రైతు చేతికి నాలుగు డబ్బులు వచ్చేది మాత్రం ఫిబ్రవరి చివరా మార్చిలో, అపరాల మీద. పుష్యమాసంలో భార్యకు ఆపరేషన్ చేయించి, మక్తా వడ్లు అమ్మి బందరు ఆసుపత్రిలో కట్టిన మనిషిని ఊహించండి. అతని బాకీ తీర్చే పంట ఆ చేలోనే పచ్చగా పూత మీద ఉంటుంది. చట్టం ఇచ్చిన నెల మాత్రం మినుము కాయ గట్టిపడకముందే అయిపోతుంది. దరఖాస్తు విన్న అధికారి బాకీ ఉందా లేదా అని చూడాలి, ఎందుకు పడిందో చూడమని ఆ నిబంధన చెప్పలేదు.

ఇంకోలా రాయడం అప్పట్లో ఎవరికీ తోచలేదని అనుకోవడానికి వీల్లేదు. ఏడాది ముందే, 1955లో, మద్రాసు రాష్ట్రం చేసిన సాగుదారుల రక్షణ చట్టంలో బాకీ కేసు విన్న రెవెన్యూ డివిజనల్ అధికారి భూయజమాని, కౌలుదారు ఇద్దరి పరిస్థితులనూ లెక్కలోకి తీసుకుని, న్యాయమనిపించినంత గడువు ఇవ్వవచ్చు. అప్పటికి రెండేళ్ల కిందటి దాకా తంజావూరూ మనమూ ఒకే రాష్ట్రం, ఒకే రెవెన్యూ సంప్రదాయం. ఆ ఒక్క వాక్యం కృష్ణ దాటి రాలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినాలి. ఆసాములందరూ చల్లపల్లి రాజాలు కారు. రెండెకరాల కౌలు మీదే బతికే వితంతువులున్నారు, ఆ బస్తాలమ్మి మందులు కొనుక్కునే రిటైర్డు మాస్టర్లున్నారు. కౌలుదారు కష్టాన్ని వాళ్లెందుకు మోయాలి? మోయనక్కర్లేదు. మద్రాసు వాక్యం ఇద్దరి పరిస్థితినీ చూడమన్నది అందుకే. ఆసామి కూడా ఆపదలో ఉంటే గడువు తగ్గుతుంది, లేకపోతే పెరుగుతుంది. బాకీ మాత్రం పోదు. రెండో అభ్యంతరం మరింత బలమైనది: చట్టం లేకపోయినా పల్లెల్లో మనుషులు ఒకరి కష్టం ఒకరు చూసుకున్నారు, కళ్లం దగ్గరే పది బస్తాలకు ఎనిమిది పుచ్చుకుని సరిపెట్టుకున్నారు. ఇది నిజమే, ఇప్పటికీ జరుగుతుంది. కానీ కళ్లంలో వదిలింది రెండు రకాలు. ఒకటి నిజంగా వదిలింది, రెండోది వచ్చే ఏటి మక్తాలో వడ్డీతో కలిసేది. ఈ రెండింట్లో ఏది దక్కుతుందన్నది కులాన్ని బట్టి, చుట్టరికాన్ని బట్టి, ఆసామి ఊళ్లో ఉంటాడా హైదరాబాదులో ఉంటాడా అన్నదాన్ని బట్టి తేలేది. మాలపల్లె కౌలుదారుకూ ఆసామి మేనల్లుడికీ ఒకే రాయితీ దొరికిందని ఎవరూ అనరు.

1956 చట్టానికి 1974లో చేసిన సవరణ ఇంకో దారి పట్టింది. కౌలుకు కాలపరిమితే లేకుండా చేసి, కౌలుదారును ఇంచుమించు శాశ్వతం చేసింది. ఉద్దేశం మంచిదే, కానీ మందు మోతాదు మించింది. కాగితం రాస్తే భూమి పోతుందన్న భయంతో ఆసాములు రాయడం మానేశారు, మనిషిని ఏటేటా మార్చడం నేర్చుకున్నారు. మూడేళ్ల తర్వాత ఉప్పెన వచ్చినప్పుడు ఆ ఫలితం బయటపడింది. వేలమంది ప్రాణాలు పోయి, కోతకొచ్చిన వరి ఉప్పునీటిలో మునిగిన సీమలో, కౌలు తగ్గింపు హక్కు పుస్తకంలో ఉంది. నోటిమాట కౌలుదారు దాన్ని ఏ కాగితం చూపించి అడగాలి?

2011లో వచ్చిన లైసెన్సు సాగుదారుల చట్టం, దాని రుణ అర్హత కార్డు ఈ చిక్కును అప్పు వైపు నుంచి విప్పబోయాయి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం దాన్నీ, 1956 చట్టాన్నీ పక్కకు నెట్టి, 11 నెలల ఒప్పందాన్ని తెచ్చింది. ఆసామి సంతకం ఉంటేనే కార్డు. భూమి హక్కుకు ఏ ఢోకా లేదని ఆయనకు హామీ. ఆసాముల భయం తీర్చడంలో ఇది తెలివైన పనే, 1974 పొరపాటుకు సరైన జవాబే. అయితే ఖాళీ చేయించడం అన్న మాటకే ఇప్పుడు అవసరం లేకుండా పోయింది. పదో నెలలో మంచాన పడిన కౌలుదారు మీద ఎవరూ దరఖాస్తు పెట్టరు, బాకీ ఎందుకు పడిందని ఏ అధికారీ అడగడు. పన్నెండో నెలలో ఆ కాగితం మీద ఇంకొకరి పేరు ఉంటుంది.