పదహారు అంకెలు, మూడు పేర్లు (మన అక్షరాల చరిత్ర – 17)



పోయిన ఆదివారం నేరేడ్‌మెట్‌లో మా ఇంటికి ఒక చెల్లె వచ్చింది. ఈ ఏడాదే పీహెచ్‌డీలో చేరింది. వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. తొలి వ్యాసం ఒక పత్రికకు పంపబోతే ఫారంలో 'ఆర్కిడ్ ఐడీ' అడిగిందట.

"అక్కా, ఆధార్ ఉంది. కులం సర్టిఫికెట్ నంబరుంది. స్కాలర్‌షిప్ నంబరుంది. మళ్ళీ ఇంకోటా? మనం మనుషులమా, నంబర్లమా?" అంది.

నవ్వి ఊరుకునే ప్రశ్న కాదిది. 2016 జనవరిలో రోహిత్ వేముల రాసిపెట్టి వెళ్ళిపోయిన ఉత్తరంలోనూ ఈ బాధ ఉంది. మనిషిని ఒక అంకెకు కుదించేస్తారన్న బాధ. అది రాసింది కూడా ఒక పరిశోధక విద్యార్థే. అందుకే ఈ వారం నంబర్ల గురించీ, పేర్ల గురించీ రాస్తున్నా. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు మన మీద వేసిన లెక్కల సంగతి. 1871లో బ్రిటిష్ సర్కారు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన ఎరుకల అన్నదమ్ములను పుట్టుకతోనే నేరస్తులన్నారు. రిజిస్టరులో ఎక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. ఊరు దాటాలంటే అనుమతి, పూటపూటా హాజరు. ఆ చట్టం రద్దయింది 1952లో. ఆ రిజిస్టరులో మనిషి ఉన్నాడు గానీ, అందులో ఏం రాయాలన్నది ఆ మనిషి చేతిలో లేదు. చెల్లె భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

ఇక పేర్లు. మన చరిత్రలో పేరు మార్చుకోవడం సరదా కాదు, పోరాటం. హైదరాబాదులో 1888లో పుట్టిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. 1917లో బెజవాడలో 'పంచమ' పేరుతో పిలిచిన సభకు ఆయనే అధ్యక్షుడు. ఆ పేరు మాకొద్దు, మేం ఈ నేల మొదటి మనుషులం అన్నారు. అది ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో మనవాళ్ళను 'ఆది హిందువులు'గా రాయించిందీ ఆ ఉద్యమమే. ఎవరో పెట్టిన పేరు కొట్టేసి, మన పేరు మనం రాసుకోవడం. మన ఆత్మగౌరవ చరిత్రలో సగం ఇదే.

కానీ ఒక చిక్కుంది. లైబ్రరీ కేటలాగుకు ఈ పోరాటం తెలియదు. భాగయ్య ఒక మనిషి, భాగ్యరెడ్డి ఇంకో మనిషి, ఇంగ్లీషు అక్షరాల్లో 'వర్మ' ఒకరు, 'వెర్మ' మరొకరు. గుర్రం జాషువానే చూడండి. తెలుగులో ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. ఇంగ్లీషు ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్ళు. మొదట ఉన్నదాన్ని మొదటి గడిలో రాస్తే గుర్రం ఆయన పేరవుతుంది, జాషువా ఇంటిపేరవుతుంది. ఇక జాషువాను ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు. ఒక్క మహాకవి నలుగురిగా చీలిపోతాడు.

పాత లైబ్రరీలు దీనికి ఒక దారి కనిపెట్టాయి. ఒక పేరును ప్రామాణికంగా పెట్టుకుని, మిగతా పేర్ల కార్డుల మీద 'ఫలానా పేరు చూడుము' అని రాసేవాళ్ళు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన రంగనాథన్ 1934లో అచ్చువేసిన కేటలాగు నియమాల్లో మన దేశపు పేర్ల తిరకాసును పట్టించుకున్నాడు. అయితే ఏ పేరు అసలుది, ఏది 'చూడుము' అన్నది నిర్ణయించేది బల్ల అవతల కూర్చున్న ఉద్యోగి. రాసిన మనిషి కాదు.

ఆర్కిడ్ తేడా ఇక్కడుంది. ఇది పువ్వు పేరు కాదు. ఓపెన్ రీసెర్చర్ అండ్ కంట్రిబ్యూటర్ ఐడీ అన్నదానికి పొట్టిపేరు. 2009లో మొదలైన ఆలోచన, 2010లో లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టరై, 2012 అక్టోబరులో పని మొదలుపెట్టింది. 2020 నాటికి కోటి మంది నమోదయ్యారు. పరిశోధకులకు పైసా ఖర్చు లేదు. పదహారు స్థానాలు, నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు. చివరిది ముందున్న పదిహేను అంకెల నుంచి లెక్కగట్టి వచ్చేది, నంబరు తప్పుగా కొడితే పట్టేయడానికి. ఆ లెక్క పది వస్తే అక్కడ ఎక్స్ అక్షరం పడుతుంది. మన హాల్‌టికెట్ నంబరు చూస్తే కాలేజీ తెలుస్తుంది. ఈ నంబరు చూస్తే దేశం తెలియదు, సబ్జెక్టు తెలియదు, ఆడో మగో తెలియదు, ఇంటిపేరు తెలియదు. ఇంటిపేరు తెలియకపోతే వాడ తెలియదు.

నా సంగతి చెప్తా. నన్ను బడిలో వేసేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాయొద్దని, ఒక్క అక్షరం చాలని మా నాన్నే పంతులును అడిగాడట. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. పదో తరగతి మెమోలో ఆ ఒక్క అక్షరమే ఉంది. పీహెచ్‌డీ నాటికి నాకు కోపం వచ్చింది. థీసిస్ మీద ఇంటిపేరు మొత్తం రాశాను. చిన్న పత్రికల్లో వ్యాసాలు మా అమ్మ పేరు కలిపి రాశాను. మూడు పేర్లూ నావే, మూడింటి వెనకా కారణముంది.

తర్వాత ఒక ప్రమోషన్ కమిటీ ముందు కూర్చున్నప్పుడు, "ఇవన్నీ మీరే రాశారనడానికి రుజువేంటి?" అని అడిగారు. స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించి పట్టుకెళ్ళాను. అయినా రెండు వ్యాసాలు లెక్కలోకి రాలేదు. తాతల నాటి నుంచి ఒకే ఇంటిపేరు, ఒకే స్పెల్లింగు మోసుకొస్తున్న వాళ్ళను ఎవరైనా ఆ ప్రశ్న అడిగారా? నేను చూడలేదు. పేరు మారకుండా ఉండటం కూడా ఒక ఆస్తే మిత్రులారా. అది మనకు వారసత్వంగా రాలేదు.

ఆ రాత్రే ఆర్కిడ్ చేసుకున్నాను. అందులో లాస్ట్ నేమ్ గడి తప్పనిసరి కాదు. 'ఇతర పేర్లు' అని ఒక చోటుంది, నా మూడు పేర్లూ అక్కడ పెట్టాను. ప్రతి వివరం అందరికీ కనిపించాలా, నమ్మినవాళ్ళకేనా, నాకొక్కదానికేనా అన్నది నేనే నిర్ణయిస్తాను. స్టువర్టుపురం రిజిస్టరుకూ దీనికీ తేడా అదే. తాళం నా దగ్గరుంది.

అలాగని దీన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగక్కర్లేదు. ఇది కులాన్ని పోగొట్టదు. ఇంటర్వ్యూ బోర్డులో మన ముఖం చూసే చూపును మార్చదు. మనిషి నిజమని కూడా రుజువు చేయదు. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ళు 1929లో తమాషాకు పుట్టించిన జోసయ్య కార్బెరీ అనే లేని ప్రొఫెసరుకు కూడా ఒక ఆర్కిడ్ నంబరుంది, నమూనాగా చూపించడానికి. లేని ప్రొఫెసరుకు నంబరుంది, ఉన్న మన పెద్దలకు లేదు. ఎందుకంటే బతికున్న మనిషి తనంతట తాను చేసుకుంటేనే ఇది వస్తుంది. భాగ్యరెడ్డి వర్మ వచ్చి చేసుకోలేడు. ఆయన పేర్లన్నీ ఒకచోట చేర్చాల్సింది మనం.

ఇంకో అన్యాయముంది. డీఓఐ అనే నంబరున్న వ్యాసాలైతే, పంపేటప్పుడు మన ఆర్కిడ్ ఇచ్చి, ఒకసారి అనుమతి ఇస్తే, మన ఖాతాలోకి వాటంతటవే వచ్చి చేరే ఏర్పాటుంది. మన తెలుగు చిన్న పత్రికల్లో ఎన్నింటికి డీఓఐ ఉంది? దళిత స్త్రీల సాహిత్యాన్ని 1921 నుంచి పోగుచేసి గోగు శ్యామల గారు 'నల్లపొద్దు' తెచ్చారు. అలాంటి పుస్తకాలకు ముందుమాట రాసినా, సావనీరులో వ్యాసం రాసినా అదేదీ దానంతటది వచ్చి చేరదు. ఒక్కొక్కటీ కూర్చుని చేత్తో ఎక్కించాలి. నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఎక్కించకపోతే, తెలుగులో మనం చేసిన పని అంతా చేయనట్టే లెక్క.

చెల్లెకు ఇదంతా చెప్పాను. కాలేజీ ఈమెయిలు ఒక్కటే ఇవ్వకు, సొంతది కూడా పెట్టు అన్నాను. కాంట్రాక్టు అయిపోయిన రోజే కాలేజీ ఈమెయిలు ఆగిపోతుంది, నంబరు మాత్రం బతికినంత కాలం నీదే అన్నాను.

ఫారం తెరిచింది. పేరు దగ్గర ఆగింది. "ఇంటిపేరు పూర్తిగా రాయనా అక్కా?"

"నీ ఇష్టం. రేపు మార్చుకోవాలనిపిస్తే మార్చుకో. నంబరు మారదు" అన్నాను.

కాసేపు ఆలోచించి, ఒక్క అక్షరమే రాసింది. పూర్తి ఇంటిపేరు 'ఇతర పేర్లు'లో పెట్టి, తనకొక్కదానికే కనిపించేలా చేసుకుంది. నేనేమీ అనలేదు. మా నాన్న గుర్తొచ్చాడు.

మిత్రులారా, ఒక పని అడుగుతున్నా. మీ ఇంట్లో, మీ సంఘం ఆఫీసులో పాత కరపత్రాలు, సావనీర్లు, జయంతి సంచికలు ఉంటే బయటికి తీయండి. రాసినవాళ్ళు ఏయే పేర్లతో రాశారో తెలిసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. అడిగి, సంచిక పేరు, సంవత్సరం వేసి రాసి పెట్టుకోండి. రచయితలు ఒప్పుకున్నవి మాత్రమే కింద కామెంట్లలో పెట్టండి. వచ్చే భాగంలో వాటితోనే మొదలుపెడదాం.

జై భీమ్.