అక్క పెళ్ళి సీడీ

2001లో ఉక్కునగరం క్వార్టర్లో అక్క పెళ్ళి వీసీడీ చూశాం. 1993 నాటి ఫార్మాట్ అది. సీడీకి 74 నిమిషాలే, అందుకే పెళ్ళి మూడు ముక్కలు :) 1996లో జపాన్లో మొదలైన డీవీడీ ప్లేయర్ మా ఇంటికొచ్చాక ఆ సీడీల్నీ ఆడించింది. తర్వాత బ్లూ-రే, హెచ్‌డీ డీవీడీ కొట్టుకున్నాయి. 2008 ఫిబ్రవరిలో తోషిబా చేతులెత్తేసింది. కొత్త హెచ్‌డీఎంఐ వచ్చినప్పుడల్లా రిసీవర్ మార్చమన్నారు. తీరా 2018లో ఒప్పో డిజిటల్, 2019లో అమెరికాలో శాంసంగ్ కొత్త ప్లేయర్లు తేవడం మానేశాయి. గెలిచిన ఫార్మాట్‌కీ అదే గతి!

మనం బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటామే, ఇన్నేళ్ళూ ఆ పెళ్ళిని బతికించింది అదే. స్ట్రీమింగ్‌కి ఆ బాధ్యత లేదు. మొన్న వైజాగ్ వెళ్తే రెండో సీడీ రీడ్ అవ్వలేదు. తాళి కట్టింది అందులోనే. మిగతా రెండూ ఆ రాత్రే హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించా. మీరూ ఈ వీకెండ్ ఆ పని చూడండి.