దూరవిద్య – పూర్వాపరములు

కళాశాలకు పోయి చదువుట మేలా, ఇంట కూర్చుండి ఆన్‌లైనులో చదువుట మేలా అను వాదము 2020 మార్చిలో కళాశాలలు మూతపడిన నాటినుండి ఇంటింట వినవచ్చుచున్నది. ఇది క్రొత్త వాదమని పలువురి తలంపు. కాని దీని వయస్సు నూటయరువది యేండ్లకు పైబడినది.

1858లో లండను విశ్వవిద్యాలయము, వైద్యము తప్ప తక్కిన పట్టములకు కళాశాల హాజరు అక్కరలేదని నిశ్చయించెను. ఎక్కడ చదివినను సరియే, పరీక్షలో నెగ్గినవానికి పట్టము దక్కును. పగలెల్ల పనిచేసికొను గుమాస్తాలకును బడిపంతుళ్లకును ఇది తెరచిన తలుపే. అయితే విశ్వవిద్యాలయము పరీక్షించునే గాని పాఠము చెప్పదు. ఆ వెలితిని తపాలా పాఠములు పూరించినవి. 1887లో విలియం బ్రిగ్సు స్థాపించిన యూనివర్సిటీ కరస్పాండెన్సు కాలేజి అట్టిది, హెచ్. జి. వెల్సు నవలాకారుడుగా పేరుపొందుటకు ముందు అందు ఉపాధ్యాయుడు. శిష్యుడు వ్రాసిన జవాబు తపాలాలో పోయి, దిద్దబడి, తపాలాలోనే తిరిగివచ్చును. ఆలోగా సందేహమే మరపునకు వచ్చినను ఆశ్చర్యము లేదు!

మన మదరాసు విశ్వవిద్యాలయము 1857లో లండను నమూనాపైననే పుట్టినది. అదియు తొలినాళ్ల పాఠము చెప్పక పరీక్షలు జరుపుచుండెడిది. బోధన కళాశాలల వంతు. కావున కళాశాల గల పట్టణమున కాపురముండలేని తెలుగు బాలునకు, అంతకు మించి బాలికకు, పట్టము అందని మ్రానిపండు. పూర్వము అందరును గురుముఖముననే చదివిరని మనము గొప్పగా చెప్పుకొందుము. పెక్కుమంది అసలు చదువనే లేదు.

తపాలా పాఠములను ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లోను, ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లోను చేపట్టినవి. అసలు మలుపు 1982లో వచ్చినది. ఆ యేట హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడెను. దేశమున ఇట్టివానిలో ఇదియే మొదటిది. 1991లో డాక్టరు అంబేద్కరు పేరు దాల్చినది. బడిచదువు పూర్తికాని వారును అర్హతపరీక్షలో నెగ్గి డిగ్రీలో చేరవచ్చునని ఇది అవకాశమిచ్చెను. వివాహముతో చదువు నిలిచిన గృహిణులకు ఇది ఎంతటి వరమో వేరుగ చెప్పనక్కరలేదు. అచ్చుపుస్తకములతోపాటు రేడియో పాఠములును ఉండెను. అంతటితో ఊరుకొనక, అధ్యయన కేంద్రములలో సెలవుదినములందు అధ్యాపకుల యెదుట కూర్చుండు తరగతులు నడపిరి. నా దృష్టిలో ఈ యేర్పాటే ప్రాణము. మైక్రోఫోను ముందు మాటలాడు మాబోంట్లకు తెలియును: మాట శ్రోతకు చేరును, కాని అతని కనుబొమలు ముడివడినది మాకు కానరాదు. ఎదుట ఉన్న ఉపాధ్యాయుడు ఆ ముడిని చూచి పాఠమును తిరిగి చెప్పును.

2011లో స్టాన్‌ఫర్డు ఆచార్యులు కృత్రిమమేధపై ఉచిత ఆన్‌లైను పాఠములు చెప్పగా సుమారు 1,60,000 మంది చేరిరి. తుదివరకు నిలిచినవారు ఇంచుమించు 23,000. తరగతిగదికి కాలము చెల్లినదని కొందరు సంబరపడిరి. 2013లో శాన్‌హోసే విశ్వవిద్యాలయము గణితమున వెనుకబడిన విద్యార్థులకు అట్టి పాఠములే పెట్టగా, ఉత్తీర్ణులు తరగతిగదికంటె తగ్గిరి. ఆ ప్రయత్నమును కొన్ని నెలలకే ఆపివైచిరి. చదువు నేర్చినవానికి దూరపాఠము రెక్కలిచ్చును. నేర్వవలసినవాడు మాత్రము దారి తప్పును.

2020లో మన పల్లెలలో రెండవ చిక్కు బయటపడినది. ఇంట ఒకటే ఫోను, చదువువారు ఇద్దరు. సిగ్నలు మేడపై గాని దొరకదు. ప్రయోగశాల పనిని తెరపై చూచుటయేగాని చేయుట లేదు.

కేంద్ర ప్రభుత్వపు ‘స్వయం’ వేదిక 2017లో మొదలైనది. ఒక సెమిస్టరులోని పాఠ్యాంశములలో 40 శాతము వరకు దానిద్వారా చదువుటకు 2021లో యు.జి.సి. అనుమతించెను. ఆ భాగమును కళాశాలలు మొదటి సంవత్సరపు విద్యార్థిపై మోపక, చివరి సంవత్సరపు వానికి, అందును తమవద్ద అధ్యాపకులు లేని విషయములకు కేటాయించుట యుక్తమని నా అభిప్రాయము.