పొదిగిన రాయి, మూసిన వెనుకభాగం: కొరాపుట్, రాయగడ తెలుగు ఇళ్ళ పాత ఉంగరం

రాయగడ, గుణుపురం, జయపురం, కొరాపుట్ పట్టణాలలో తరాల తరబడి ఉంటున్న తెలుగు కుటుంబాల పెట్టెల్లో ఒక రకం ఉంగరం ఇప్పటికీ ఉంటుంది. మధ్యలో ఒక ఎర్రరాయి, చుట్టూ చిన్న రాళ్ళు, ఒక్కొక్కప్పుడు మధ్యమధ్య పచ్చలు. ఏ రాయీ పక్క రాయికి సరిగ్గా సమానంగా ఉండదు. పై నుంచి చూస్తే రాళ్ళు నిండుగా ఎర్రగా మెరుస్తాయి. ఉంగరాన్ని తిరగేస్తే మాత్రం రాయి కనిపించదు, బంగారు రేకు మూసి ఉంటుంది. మామ్మ ఇచ్చిన ఈ ఉంగరం ఇప్పుడు పెట్టుకుంటే బాగుంటుందా, లేక పాతకాలపుదిగా కనిపిస్తుందా, మార్చి కొత్తది చేయించుకుంటే మేలా అన్నది మన విద్యార్థినులు తరచు వేసే ప్రశ్న. దుకాణంలో మార్చడమంటే కరిగించడమే కాబట్టి, కరిగించబోయే వస్తువు ఏమిటో ముందుగా తెలుసుకోవడం న్యాయం. మేము ఇక్కడ తలపెట్టినది అంతే.

ఈ ప్రాంతపు నేపథ్యాన్ని రెండు మాటల్లో గుర్తు చేస్తాము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు జయపురం సంస్థానం మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లా ఏజెన్సీలో భాగం. రాయగడ 1992 అక్టోబరు 2న కొరాపుట్ నుంచి విడిపోయి వేరు జిల్లా అయింది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడల మీదుగా రాయపూర్ దాకా రైలుమార్గం 1931లో పూర్తయింది. అదే ఏడు జయపురం గద్దెనెక్కిన విక్రమదేవ వర్మ తెలుగు, ఒడియా, సంస్కృతాలలో పండితుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. పెళ్ళి నగ కావాలంటే కొండ దిగి సాలూరుకో పార్వతీపురానికో విజయనగరానికో వెళ్ళడం ఇక్కడి తెలుగువారికి వింత కాదు. సంతలో మాత్రం ఉంగరం అన్న మాట పక్కనే ఒడియా ‘ముది’ వినిపిస్తుంది. ముది సంస్కృత ‘ముద్రిక’కు చుట్టం. వేలికి పెట్టుకునేదాన్ని ముద్ర వేసే సాధనంగా చూసిన కాలం ఆ మాటలో మిగిలి ఉంది.

ఇక మాటల సంగతే ముందు చూద్దాం, ఎందుకంటే పనితనం సగం మాటల్లోనే దాగి ఉంది. బంగారంలో రాయిని కూర్చడాన్ని తెలుగులో పొదగడం అంటాము. కోడి గుడ్లను పొదుగుతుందన్నప్పుడూ ఇదే మాట. కింద, పక్కల కప్పి, పైన మాత్రం కొంత తెరిచి, లోపల ఉన్నదాన్ని కదలకుండా కాపాడటం రెండింటిలోనూ ఉంది. ‘సెట్టింగ్’ అన్న ఇంగ్లీషు మాటలో ఈ కప్పడం లేదు, ఒకచోట నిలపడం మాత్రమే ఉంది. ఈ తేడా మాటల తేడా మాత్రమే కాదని ముందు ముందు కనిపిస్తుంది. రెండో మాట కుందనం. అందమైన అమ్మాయిని కుందనపు బొమ్మ అనే మనకు కుందనమంటే మేలిమి బంగారమని తెలుసు. అది ఒక పని పేరు కూడానని చాలామందికి తెలియదు.

ఆ పని ఇలా సాగుతుంది. కంసాలి ముందు పలుచని బంగారు రేకుతో రాయి పట్టేటంత గూడు కడతాడు. గూటిలో కరిగిన లక్క పోసి, దాని మీద మెరుగు పెట్టిన సన్నని రేకును పరుస్తాడు. రాయి దాని మీద కూర్చుంటుంది. రాయికీ గూటి గోడకూ మధ్య సందులో మేలిమి బంగారపు సన్న పట్టీలను ఉక్కు పనిముట్టుతో నొక్కుతూ నింపుతాడు. కల్తీ లేని బంగారానికి ఒక గుణం ఉంది. నిప్పు తగలకపోయినా, ఒత్తిడి ఒక్కదానితోనే, అది తనలో తాను అతుక్కుపోతుంది. టంకం అక్కరలేదు కనుక వేడికి రాయి పగిలే భయం లేదు. రాయి ఏ ఆకారంలో ఉన్నా బంగారమే దాని చుట్టూ సర్దుకుంటుంది, రాయిని బంగారానికి తగినట్టు కోయనక్కరలేదు. పాత ఉంగరంలో రాళ్ళు ఒకదానితో ఒకటి సమానంగా లేకపోవడం పనివాడి చేతకానితనం కాదు. విలువైన రాయిలో గురివిందంత కూడా వృథా చేయని లెక్క అది.

వెనుక పరిచిన రేకును గురించి ఇంకొంచెం చెప్పాలి. రాయిలోకి వెళ్ళిన వెలుతురు కింది నుంచి జారిపోకుండా ఆ రేకు దాన్ని తిప్పి పైకి పంపుతుంది. పలచబారిన ఎరుపును చిక్కన చేస్తుంది. ఆముదపు దీపం, ఆ తరువాత కిరోసిన్ బుడ్డి వెలిగే ఇంట్లో, మసక వెలుతురులో, కదిలే చేతిమీద రాయి నిప్పుకణంలా కనిపించాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. ఇది మన దేశానికే ప్రత్యేకమని అనుకోనక్కరలేదు. పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా నగల్లోనూ రాళ్ళ వెనుక రేకు పెట్టి మూసేవారు. కొవ్వొత్తి వెలుగులో వారి అవసరమూ ఇదే.

రాళ్ళు ఎక్కడివి? ఇక్కడ ఒక చిన్న తికమకను తొలగించుకోవాలి. రాళ్ళ వ్యాపారులు ‘జయపూర్ సరుకు’ అన్నప్పుడు అది మన కొరాపుట్ జయపురం కాదు, 1727లో కట్టిన రాజస్థాన్ జయపూరు. సాన పట్టే పనికి ఆ ఊరు పెట్టింది పేరు. మన జయపురం విద్యార్థి బయటి ఊళ్ళో తన ఊరి పేరు చెప్పగానే ‘అయితే నగల ఊరే’ అనిపించుకోవడం వెనుక కథ ఇది. మేలైన కెంపులకు పేరుపడినది బర్మాలోని మొగోక్ లోయ. 1886లో ఎగువ బర్మా బ్రిటిషువారి చేతికి వచ్చాక, 1889లో అక్కడి గనులకు ఒక ఆంగ్ల కంపెనీ ఏర్పడింది. ‘బర్మా కెంపు’ అన్న మాట మన పెద్దల నోట గౌరవంగా పలికేది అందుకే.

అయితే మామ్మ ఉంగరంలోని ఎర్రరాయి కెంపే కానక్కరలేదు. తెలుగు రాళ్ళను రంగుతో పిలిచింది. ఎర్రనిది కెంపు, ఆకుపచ్చనిది పచ్చ, నల్లని నీలిది నీలం. రసాయనశాస్త్రం రాకముందు ఎర్రని స్పినెల్, ఎర్రని గార్నెట్ కూడా ఆ పేరుతోనే చెలామణి అయ్యాయి. దీన్ని మోసమనడం సరికాదని మా అభిప్రాయం. ఇంగ్లండు రాజకిరీటం ముందు భాగాన ఉన్న ‘బ్లాక్ ప్రిన్స్ కెంపు’ కూడా స్పినెలే. మూసిన వెనుకభాగంతో ఉన్న ఉంగరంలో ఏ రాయి ఉన్నదీ పరీక్షించడం కష్టమన్నది మాత్రం నిజం. ఈ పద్ధతికి ఉన్న లోపాన్ని దాచనక్కరలేదు: రేకు రాయి అందాన్ని పెంచుతుంది, రాయి లోపాన్నీ కప్పుతుంది.

పాత పొదుగుడు వెనుకబడటానికి కారణాలు ఒకటి కాదు. 1886లో అమెరికాలో టిఫనీ కంపెనీ ఆరు గోళ్ళ వంటి కొనలతో వజ్రాన్ని ఉంగరం మీద ఎత్తి నిలిపే పద్ధతిని తెచ్చింది. కింద మూత లేదు. వెలుతురు అన్ని వైపుల నుంచీ వచ్చి, లెక్క ప్రకారం కోసిన ముఖాల మీద ఆడుతుంది. ఇది విద్యుద్దీపాల యుగానికి తగిన అందం. 1902లో ఫ్రాన్సులో వెర్నాయ్ మంటలో కెంపును తయారు చేసే విధానాన్ని ప్రకటించాక, ఒకే రంగు, ఒకే కొలత గల ఎర్రరాళ్ళు చవకగా దొరకసాగాయి. అప్పుడిక రాయికి తగినట్టు బంగారాన్ని సర్దే పనివాడి అవసరం తగ్గింది. కొరాపుట్ జిల్లాలోనే మాచ్‌కుండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఆ కరెంటు పట్టణాలకు త్వరగానే చేరింది కాని, ఆ చుట్టుపక్కల ఎన్నో కొండపల్లెలు మరి కొన్ని దశాబ్దాలు బుడ్డిదీపంతోనే గడిపాయి.

జ్యోతిషం సంగతీ ఉంది. గ్రహశాంతికి పెట్టుకునే రాయి వేలి చర్మానికి తగలాలన్నది జ్యోతిష్కుల మాట, కాబట్టి ఆ ఉంగరాలకు వెనుక రంధ్రం ఉండాలి. జాతిరాయి అంటే జాతకానికి పెట్టుకునే రాయి అన్న భావం పెరిగేకొద్దీ మూసిన ఉంగరం పెట్టెలోకి వెళ్ళింది.

పనివారికి అన్నిటికన్నా గట్టి దెబ్బ 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు. 14 క్యారట్లకు మించిన బంగారంతో కొత్త నగలు చేయరాదన్నారు. కుందనం పనికి మేలిమి తప్ప మరొకటి పనికిరాదు, రాగి, వెండి కలిసిన 14 క్యారట్ల బంగారం చేతి ఒత్తిడికి అతుక్కోదు. కంసాలి కుటుంబాలు దేశమంతటా ఉపాధి పోగొట్టుకున్నాయి, ఆత్మహత్యలు కూడా జరిగాయి. 14 క్యారట్ల షరతు 1966లో తొలగింది. 1968లో చట్టరూపం పొందిన మిగతా నియంత్రణలు 1990 దాకా సాగాయి. తండ్రి దగ్గర కొడుకు నేర్చే పనిలో ఇన్నేళ్ళ అలజడి చిన్న విషయం కాదు. చరిత్ర పుస్తకాలు దీన్ని ఆర్థిక విధానాల కింద రెండు వాక్యాల్లో ముగించడం మాకు నచ్చదు.

ఇప్పుడు చూస్తే పాత తీరు తిరిగి వచ్చింది. వంకీ ఉంగరం, అంటే వేలి మీద కోణంగా కిందికి దిగి, ఎర్ర, పచ్చ రాళ్ళు వరుసగా పొదిగినది, పెళ్ళిళ్ళలో మళ్ళీ కనిపిస్తున్నది. నకాషీ పని, ‘యాంటిక్’ మెరుగు, ‘టెంపుల్’ నగలు దుకాణాల అద్దాల వెనుక ముందు వరుసలో ఉన్నాయి. కూచిపూడి నేర్చుకునే పిల్లలకు ఈ ఎర్రరాళ్ళ నగలు ఎన్నడూ పాతబడలేదు, రంగస్థలం వాటిని నిలిపి ఉంచింది. కాబట్టి బాగుంటుందా అన్న ప్రశ్నకు జవాబు సులభం: బాగుంటుంది. చీర మీదనే కాదు, కాలేజీకి వేసుకునే బట్టల మీద కూడా ఒక్క ఉంగరం నిండుగా ఉంటుంది.

కాని దుకాణంలోని ‘పాత తీరు’ ఉంగరమూ మామ్మ ఉంగరమూ ఒకటి కావు. కొత్తదానిలో చాలా భాగం మైనపు నమూనా నుంచి పోతపోసినది. దాని నల్లదనం నెలల్లో పూసినది, రాళ్ళు ఒకే కొలతలో కోసినవి. పాతదాన్ని పనివాడు విప్పి, లక్క మార్చి, రేకు మార్చి, అదే రాయిని మళ్ళీ పొదగగలడు. నీళ్ళు లోపలికి దిగి రేకు నల్లబడితే రాయి చచ్చినట్టు కనిపిస్తుంది. అది రాయి పాడైనట్టు కాదు. అందుకే పాతదాన్ని గిన్నెలు తోమేటప్పుడు, స్నానానికి వెళ్ళేటప్పుడు తీసి పక్కన పెట్టేవారు. వేడినీళ్ళలో, సబ్బునీళ్ళలో నానబెట్టి కడగరాదు. రోజువారీ వాడకానికి కొత్తదే మేలు, ఇందులో మొహమాటపడవలసింది లేదు.

రాయగడ విద్యార్థులకు ఈ విషయంలో మరొక దగ్గరి సంబంధం ఉంది. తూర్పు కనుమల ఈ భాగాన్ని కట్టిన శిలకు వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో కోందుల పేరు మీదుగా ఖోండలైట్ అని పేరు పెట్టాడు. అందులో గార్నెట్లు సహజంగానే ఉంటాయి. ఈ కొండల్లో దొరికే రత్నాలలో మరొకటి వైడూర్యం. పిల్లి కంటిలో వలె ఒక వెలుగు గీత కదిలే రాయిని నగల వ్యాపారంలో ఈ పేరుతో పిలుస్తారు. ఈ మాట ప్రాకృతంలో వేళురియగా, గ్రీకులో బెరుల్లోస్‌గా మారి, ఇంగ్లీషు బెరిల్ దాకా వెళ్ళింది. జర్మనులు కళ్ళజోడును బ్రిల్లె అనడం కూడా దీని నుంచే. వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రాలకు నెలవైన దేశాలలో కళింగాన్ని చేర్చి, అక్కడి వజ్రం కొంచెం పసుపు ఛాయలో ఉంటుందన్నాడు. రత్నాలతో ఈ దిక్కుకు ఉన్న సంబంధం ఆనాటికే చెప్పుకోదగినదన్న మాట.

వైడూర్యంలో ఆ గీత ఎందుకు వస్తుంది? రాయి లోపల ఒకే దిశలో పేర్చినట్టు ఉండే అతి సన్నని సూదులో గొట్టాలో వెలుతురును తిప్పి పంపడం వల్ల. ఆ గీత కనిపించాలంటే రాయిని ముఖాలుగా కోయకూడదు, పైభాగం నున్నగా, ఉబ్బెత్తుగా, చింతగింజలా సాన పట్టాలి. ముఖాలు కోస్తే కన్ను మూసుకుపోతుంది. మామ్మ ఉంగరంలోని ఎర్రరాయి ఆకారమూ చాలాసార్లు ఇదే. కెంపుకు ఇది ఒక కాలపు అభిరుచి కావచ్చు, కోత యంత్రాలు వచ్చాక మారిపోవచ్చు. వైడూర్యానికి మాత్రం ఏ కాలంలోనూ మరో ఆకారం లేదు.

చివరగా మార్పిడి సంగతి. పాత ఉంగరం తీసుకువెళితే దుకాణంవారు రాళ్ళ తూకం, లక్క తూకం తీసివేసి బంగారానికే లెక్క కడతారు, ఆపైన తరుగు. రాళ్ళను ఊడబీకేటప్పుడు చిన్నవి పగిలిపోవడమూ ఉంది. హాల్‌మార్కును 2021 జూన్‌లో చాలా జిల్లాల్లో తప్పనిసరి చేసినప్పుడు కుందన్, పోల్కీ, జడావు నగలను ప్రభుత్వం మినహాయించింది. కాబట్టి ఇలాంటి ఉంగరం మీద ముద్ర లేనంత మాత్రాన బంగారం తక్కువదని అనుకోరాదు. ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే ముందుగా ఉంగరాన్ని పైనుంచి, వెనుకనుంచి ఫొటో తీసుకుని, ఎవరు చేయించారో, ఏ ఊళ్ళోనో, ఇంట్లో దాన్ని ఏ పేరుతో పిలిచేవారో పెద్దలను అడిగి రాసుకోమని మన విద్యార్థులను కోరుతున్నాము. ఆ పేర్లు తెలుగులోవైనా, ఒడియాలోవైనా, రెండూ కలిసినవైనా మా శాఖకు పంపితే సంతోషిస్తాము.