పొందూరు పంచె, గాంధీ అనని మాట

మా ఆఫీసులో ప్యాంట్రీకి వెళ్ళే దారిలో ఒక పోస్టర్ ఉంది. మీరూ ఎక్కడో చూసే ఉంటారు. బ్యాంకుల్లో, బట్టల కొట్లలో, డాక్టరుగారి వెయిటింగ్ రూముల్లో కూడా వేలాడుతుంటుంది. నవ్వుతున్న గాంధీ బొమ్మ, పక్కన కస్టమర్ గురించి నాలుగైదు వాక్యాలు. మన గడప తొక్కినవాళ్ళలో అతనే ముఖ్యుడని, అతను మన మీద ఆధారపడి లేడని, మనమే అతని మీద ఆధారపడి బతుకుతున్నామని. కింద సన్నటి అక్షరాల్లో దక్షిణాఫ్రికా ప్రసంగం, 1890 అని ఉంటుంది.

ఆరేళ్ళపాటు కాఫీ కప్పుతో దాని ముందు నుంచి నడిచాను. బగ్గులు పట్టుకోవడమే బతుకుతెరువైనవాణ్ణి, ఈ బగ్గు నాకు కనబడలేదు. 1890లో గాంధీ లండన్‌లో లా చదువుకుంటున్న ఇరవై ఏళ్ళ కుర్రాడు. దక్షిణాఫ్రికాలో కాలు పెట్టింది 1893లో. ఆ మాటలు 1940ల నాటి అమెరికన్ వ్యాపార ప్రపంచంలో దాదాపు ఇదే రూపంలో దొరుకుతాయి, అక్కడ గాంధీ పేరు లేదు. ఎవరో, ఎప్పుడో, అమెరికన్ సేల్స్ పాఠానికి మన గాంధీ బొమ్మ అతికించారు. అది అలా అతుక్కుపోయింది.

నాకు దీని మీద అనుమానం రావడానికి కారణం ఒక పంచె.

రెండేళ్ళ క్రితం మా క్లయింటు మేనేజరు, రిటైర్మెంటుకి దగ్గరపడిన డచ్ పెద్దమనిషి, హైదరాబాద్ వచ్చాడు. ఏదైనా మన ప్రాంతపుది ఇమ్మన్నారు మావాళ్ళు. నాది శ్రీకాకుళం కాబట్టి పొందూరు పంచె కొని ఇచ్చాను. ఆయన దాన్ని విప్పి, రెండు వేళ్ళ మధ్య పెట్టి కాసేపు రాశాడు. తర్వాత రెండు ప్రశ్నలడిగాడు. దీన్ని ఎవరు చేశారు? ఎన్ని గంటలు పట్టింది? "హ్యాండ్‌మేడ్" అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలిసింది. కనుక్కుని చెప్తానన్నాను, క్లయింట్లతో అందరం అనే మాటే.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు పొందూరు వెళ్ళాను. మాకు ఇరవై కిలోమీటర్ల దూరం. అన్నేళ్ళూ రైల్లో సిగడాం తర్వాత వచ్చే స్టేషనుగా తప్ప ఆ ఊరు నాకు తెలీదు.

పొందూరు ఖద్దరు అనగానే సన్నదనం గురించి చెబుతారు. ఆ సన్నదనానికి ఒక లెక్క ఉంది, చెప్పనివ్వండి. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువుకి ఎన్ని చిలపలు తూగితే అది అంత కౌంటు. నూరు కౌంటు అంటే పౌను దూదిలోంచి 84,000 గజాలు, అంటే దాదాపు 77 కిలోమీటర్ల దారం. గ్రాముకి 169 మీటర్లు. అంగుళానికి నూరు పోగుల చొప్పున, యాభై అంగుళాల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు పంచె అనుకుంటే పడుగూ పేకా కలిపి నలభై కిలోమీటర్ల పైమాటే. మా ఇంటి నుంచి పొందూరు వెళ్ళి తిరిగొచ్చేంత దారం. మిల్లుకి ఇదేం పెద్ద సంగతి కాదు. కానీ ఇక్కడ పత్తి పింజ పొట్టిది, స్థానికంగా పండే కొండపత్తి, పునాస పత్తి. పొట్టి పింజ నుంచి సన్న నూలు రాదని ఏ టెక్స్‌టైల్ ఇంజనీరైనా అంటాడు. ఇక్కడ వస్తుంది, ఎందుకంటే దానికి ముందు జరిగే పని అలాంటిది.

గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ ఎముక మీద సన్నటి పళ్ళు వరసలుగా ఉంటాయి. మనుషులు చేసిన దువ్వెనలకి అంత సన్నటి పళ్ళు పెట్టడం కష్టం. నలక, ఆకు తుక్కు పోయి పింజలన్నీ ఒకవైపుకి తిరుగుతాయి. తర్వాత చెక్కపలక మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. చిన్న వింటితో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో దాస్తారు, చెయ్యి తగిలి మాసిపోకుండా. అప్పుడు ఒంటి కదురు రాట్నం, దాని చక్రానికి ఇరవైనాలుగు ఆకులు. ఇదంతా ఆడవాళ్ళ పని, మగ్గం దాకా ఎక్కడా మిషను తగలదు.

ఒకింటి అరుగు మీద డెబ్భై దాటిన మామ్మ వడుకుతుంటే పక్కన కూర్చున్నాను. దారం ఒకచోట కొద్దిగా లావెక్కింది. నా కంటికైతే కనబడలేదు. ఆమె రాట్నం ఆపి, ఆ ముక్క తుంపేసి, మళ్ళీ అతికింది.

"అంత చిన్నది ఎవరికి కనబడుతుంది మామ్మా? కొనేవాడికి తెలుస్తుందా?"

"కొన్నోడికేటి తెలుస్తాది బాబూ. నేసినోడికి తెలుస్తాది. మగ్గం కాడ తెగిపోతే నన్ను తిట్టడా?"

ఆమె అంచనాల పట్టికలో కొనేవాడు అసలు లేడు. పక్క వీధిలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషే ఆమెకి క్లయింటు. మా భాషలో డౌన్‌స్ట్రీమ్ టీమ్. పదమూడేళ్ళ ఉద్యోగంలో 'క్లయింటు అంచనాలకు మించి' అనే ట్రైనింగులు కనీసం ఆరింటికి వెళ్ళాను, ఒక్కదాంట్లోనూ ఈ మాట వినలేదు.

ఈ పని నాణ్యతను బయటివాడు కొలవడం కొత్తేమీ కాదు. 1765 తర్వాత ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాయి. అప్పట్లో శ్రీకాకుళం వాళ్ళ నోట చికాకోల్, ఇక్కడి మస్లిన్లకి పేరుండేది. కంపెనీ ఈ తీరంలో కొన్న బట్టలో పెద్ద భాగాన్ని 'పుంజం' గుడ్డ అనేవాళ్ళు. పుంజం అంటే 120 పడుగు పోగులు, ఎన్ని పుంజాలైతే అంత ఒత్తైన నేత. స్పెసిఫికేషన్ అంటే ఇంకేముంది? పొడవు ఇంత, వెడల్పు ఇంత, పుంజాలు ఇన్ని. నేతగాడికి ముందస్తు సొమ్మిస్తారు. గుడ్డ కోఠీకి చేరాక మచ్చు పక్కన పెట్టి చూసి మొదటి రకం, రెండో రకం అని విడదీస్తారు. నచ్చకపోతే తిప్పికొడతారు. రకం తగ్గితే ధర తగ్గుతుంది. అంచనాను మించితే మాత్రం రేటు పెరగదు, ఆ గడి ఫారంలోనే లేదు. రకం నిర్ణయించేది కొనేవాడే, ధర నిర్ణయించేదీ కొనేవాడే. ముందస్తు తీసుకున్నవాడు గుడ్డని ఇంకొకడికి అమ్ముకుంటే నేరం. ఈ తగాదాల మీద నేతగాళ్ళు తిరగబడిన సందర్భాలు ఈ తీరమంతా ఉన్నాయి. పి. స్వర్ణలత ఉత్తర కోరమండల్ నేతగాళ్ళ మీద రాసిన పుస్తకంలో ఆ చరిత్ర వివరంగా దొరుకుతుంది. నన్ను ఆపేసింది వేరే సంగతి. కంపెనీ బేరం మగ్గంతోనే. నూలు వడికిన ఆడవాళ్ళు దాన్ని సంతల్లో అమ్ముకునేవాళ్ళు, వాళ్ళకి కంపెనీతో ఒప్పందం లేదు, అందుకే కాగితాల్లో వాళ్ళ జాడ కూడా బాగా తక్కువ.

తర్వాత లాంకషైర్ మిల్లు నూలు వచ్చింది. రాట్నాలు చాలా ఊళ్ళలో అటకెక్కాయి. పొందూరులాంటి కొన్ని చోట్ల ఎక్కలేదు. అలా మిగిలిన రాట్నాన్ని వెతుక్కుంటూ వచ్చిన మనిషి పోస్టర్ మీది ముసలాయనే.

గాంధీని వ్యాపారిగా చూడటం కొందరికి నచ్చకపోవచ్చు. నాకు మాత్రం ఖద్దరు ఉద్యమం చదువుతుంటే స్టార్టప్ కథలాగే ఉంటుంది, సగం తప్పటడుగులతో సహా. హింద్ స్వరాజ్‌లో మగ్గాన్ని అన్ని రోగాలకీ మందుగా రాసేనాటికి తను మగ్గాన్నిగానీ రాట్నాన్నిగానీ చూసిన గుర్తే లేదని ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నాడు. ప్రొడక్టు చూడకుండా ప్రెజెంటేషన్ ఇచ్చాడన్నమాట. (మా విజయనగరం గిరీశానికి తెలిస్తే ముచ్చటపడేవాడు.) చివరికి గంగాబెన్ మజుందార్ అనే ఆవిడ బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో అటకల మీద రాట్నాలు కనిపెట్టింది. ఆశ్రమంలో తయారైన మొదటి ఖాదీ గజం 17 అణాలు పడింది, అది కూడా ముతకది. ఆయన ఆ ధరకే స్నేహితులకి అమ్మాడు. వెడల్పు ముప్ఫై అంగుళాలే వస్తుంటే, నెల లోపల నలభై అయిదు అంగుళాల పంచె ఇవ్వకపోతే పొట్టి ముతక గుడ్డే కట్టుకుంటానని గంగాబెన్‌కి నోటీసిచ్చాడు. ఆవిడ నెల తిరక్కుండానే పంపింది. ఈ కథలో గాంధీయే క్లయింటు, అదీ గడువు పెట్టి బెదిరించే రకం. గంగాబెన్ ఆ నెలలో ఎవరెవరి చేత ఎన్ని రాత్రులు పని చేయించిందో ఆయన రాయలేదు.

పొందూరు సన్న ఖద్దరు చూసి నమ్మలేక, సంగతేంటో తెలుసుకురమ్మని 1921లో కొడుకు దేవదాస్‌ని పంపాడని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముతక ఖద్దరుని దేశం మీద రుద్దుతున్నారని వెక్కిరించేవాళ్ళకి ఆంధ్ర సన్న ఖద్దరు మంచి జవాబు అయింది. అదే ఇబ్బంది కూడా తెచ్చింది. మామూలు ఖద్దరు బీదవాడిది, ఇది ఉన్నవాడు కట్టేది. వడికే ఆమె తను వడికినది కట్టుకోలేదు.

అసలు విషయం 1935లో జరిగింది. అఖిల భారత చరఖా సంఘం 1925లో పుట్టింది, పదేళ్ళపాటు దాని దృష్టి ఎక్కువగా ధర తగ్గించి అమ్మకం పెంచడం మీదే ఉంది. ధర తగ్గాలంటే ఎక్కడ కొయ్యాలి? వడికే కూలిలోనే. అప్పుడు గాంధీ అడ్డం తిరిగాడు. ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు ఇవ్వాలన్నాడు. గుడ్డ ధర పెరిగితే పెరగనీ, కొనేవాడు భరించాలి, లేదా కొనడం మానెయ్యాలి అన్నాడు. సంఘంలోవాళ్ళు భయపడ్డారు. అమ్మకాలు పడిపోతాయి, పని పోతే ఆ కూలి కూడా ఉండదన్నారు. తేలిగ్గా తీసిపారేసే భయం కాదది, అంచనాలు వేసే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి, నాకు తెలుసు. సంఘం ఎనిమిది అణాల దాకా వెళ్ళలేకపోయింది. కానీ కనీస కూలి అనే సూత్రాన్ని ఒప్పుకుని రేట్లు పెంచింది. వడికేవాళ్ళు ఖద్దరే కట్టాలన్న షరతూ పెట్టారు. ఆ షరతు నాకు నచ్చదు, కూలి ఇచ్చాక ఆమె ఏం కట్టుకుంటే మనకేం? అయినా, పోస్టర్ మీద కస్టమరుకి పూజ చేస్తున్న మనిషి నిజ జీవితంలో, తన సంస్థ పుస్తకాలు ముందు పెట్టుకుని, కస్టమరుకి బిల్లు పెంచాడు.

ఇది చదివాక నా లెక్క ఒకటి చెప్పక తప్పదు. 2019లో ఒక క్లయింటు కాల్‌లో, ఒప్పుకున్న తేదీకంటే మూడు వారాల ముందే రిలీజ్ ఇస్తానని అన్నాను. వాళ్ళు అడగలేదు. ఊపులో అన్నాను. టీమ్‌లో పాలకొండ వైపు కుర్రాడొకడు ఉండేవాడు, మాటల్లో మా యాస దొర్లేది, అందుకే నాకు ముద్దు. ఆ మూడు వారాల్లోనే వాళ్ళ తాతగారు పోయారు. వెళ్ళిరమ్మన్నాను. మూడో రోజుకి ఊరి నుంచే లాగిన్ అయ్యాడు, వెనకాల ఇంటి నిండా జనం మాటలు వినబడుతుంటే మ్యూట్‌లో పెట్టుకుని. నేను రావద్దనలేదు. రిలీజ్ వెళ్ళింది, క్లయింటు మెచ్చుకుంటూ మెయిల్ పెట్టాడు. ఆ ఏడు నా రేటింగు 'ఎక్సీడ్స్'. అతనికి 'మీట్స్'. అది రాసింది నేనే, కోటా అయిపోయిందని.

పొందూరులో ఇప్పుడు ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది, 1949 నాటిది. భవనానికి 1955లో వినోబా భావే శంకుస్థాపన చేశారు. ఖాదీ కమిషన్ వచ్చాక కొనేవాడి స్థానంలో ప్రభుత్వం, రిబేట్లు, పండగ డిస్కౌంట్లు వచ్చాయి. అక్కినేని పంచె కట్టు చూసి పొందూరు పేరు తెలుసుకున్నవాళ్ళు మా నాన్న తరంలో చాలామంది. నేను చూసిన అరుగుల మీద మాత్రం వడికేవాళ్ళందరూ పెద్ద వయసువాళ్ళే. కూతుళ్ళు ఎవరూ రాట్నం దగ్గర లేరు.

లేచేముందు మామ్మని ఆ డచ్ ఆయన ప్రశ్న అడిగాను, పంచెకి సరిపడా నూలుకి ఎన్ని గంటలని.

"గంటలేటి బాబూ. వంటయ్యాక కూకుంటాను, పొద్దు పోయేదాకా." తర్వాత తనే అడిగింది. "నువ్వెంతకి కొన్నావు?"

చెప్పాను. చెయ్యి రాట్నం మీదే ఉంది, తిరగలేదు. పక్కింటి ఆవిడ వైపు చూసి, "ఇన్నావా అప్పా" అంది. అంతే. మళ్ళీ దారం అందుకుంది.

హైదరాబాద్ వచ్చి క్లయింటుకి మెయిల్ రాశాను. దారం పొడవు రాశాను, గంటలు లెక్కలో లేవని రాశాను, ఆమె అనుమతితో ఆమె పేరు రాశాను. మార్చిలో మళ్ళీ అప్రైజల్ ఫారాలు తెరుచుకున్నాయి. పాలకొండ కుర్రాడు అప్పటికి కంపెనీ మారి మూడేళ్ళయింది. అతని నంబరు నా ఫోన్లో ఉంది. ఇంకా చెయ్యలేదు.