ఇంట్లో ఫర్నేస్ పాడైందని ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకి చాలా పెద్ద చరిత్రే ఉంది

1902 సెప్టెంబర్ 28, పారిస్. ఫ్రెంచ్ నవలా రచయిత ఎమిల్ జోలా, ఆయన భార్య అలెగ్జాండ్రీన్ ఊరి నుంచి సిటీలోని ఇంటికి తిరిగొచ్చారు. చలిగా ఉందని పడకగదిలో బొగ్గు నిప్పు వేయించుకుని పడుకున్నారు. అర్ధరాత్రి ఇద్దరికీ ఒంట్లో బాగాలేదు. పనివాళ్లని పిలుద్దామని ఆవిడ అంది. వద్దులే, తిన్నది అరగలేదంతే, పొద్దున్నకి తగ్గిపోతుంది అన్నారాయన. పొద్దున తలుపు బద్దలుకొట్టి చూస్తే జోలా నేల మీద పడి ఉన్నారు. బతకలేదు. ఆవిడ మాత్రం బతికింది.

చిమ్నీ మూసుకుపోయి గదిలో కార్బన్ మోనాక్సైడ్ నిండిపోయింది. తర్వాత విచారణ అధికారులు అదే గదిలో నిప్పు వేసి, గినీ పిగ్స్‌ని వదిలి టెస్ట్ చేశారు. అవి హాయిగా బతికే ఉన్నాయి! చివరికి ప్రమాదం అని కేసు మూసేశారు. డ్రేఫస్ కేసులో జోలా తీసుకున్న స్టాండ్ మీద కోపంతో ఓ పనివాడు కావాలనే చిమ్నీ మూసేశాడని 1953లో ఒక పేపర్ రాసింది కానీ, రుజువు కాలేదు. నాకైతే హత్యా కాదా అన్నదానికంటే "అరగలేదంతే" అన్న ఆ మాటే బుర్రలో ఉండిపోయింది. ఎందుకంటే ఇవాళ్టికీ జనం అదే మాట అంటున్నారు.

మన దగ్గర ఫర్నేస్ అంటే విశాఖ ఉక్కే గుర్తొస్తుంది. గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లు పెట్టిన ఆ బ్లాస్ట్ ఫర్నేస్‌లు. అమెరికా ఇంట్లో ఫర్నేస్ అది కాదు. బేస్‌మెంట్‌లోనో, ఒక అరలోనో ఉండే బీరువా సైజు డబ్బా. లోపల గ్యాస్ మండుతుంది. ఆ వేడి హీట్ ఎక్స్‌ఛేంజర్ అనే లోహపు గొట్టాలకి ఎక్కుతుంది. ఫ్యాన్ ఇంటి గాలిని ఆ గొట్టాల బయటి నుంచి తోసి గదులకి పంపుతుంది. మండిన పొగ వేరే గొట్టంలో ఇంటి బయటికి పోతుంది. అంటే మనం పీల్చే గాలికీ, ఆ పొగకీ మధ్య ఉన్నది ఒక్క పల్చటి రేకు. అది పగిలినా, పొగగొట్టం మూసుకుపోయినా మనం జోలా గదిలో ఉన్నట్టే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పాత ఇల్లు అద్దెకి తీసుకుని ఐదుగురు ఉంటున్న మన ఎమ్మెస్ స్టూడెంట్స్‌లో ఆ డబ్బా తలుపు తీసి చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఈ విషం మనిషిని ఎలా మోసం చేస్తుందో స్టడీ చేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది జాన్ స్కాట్ హాల్డేన్ గురించి. స్కాట్లాండ్ సైంటిస్ట్. 1890లలో కార్బన్ మోనాక్సైడ్‌ని కొలిచి మరీ తనే పీల్చి, తన రక్తం తనే టెస్ట్ చేసుకుని, ఏ స్థాయిలో ఏమవుతుందో రాసి పెట్టుకున్నాడు. బొగ్గు గనుల్లో పేలుళ్లప్పుడు చాలామందిని చంపింది మంటలు కాదు, ఈ గ్యాసే అని తేల్చాడు. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, ఆ తర్వాత బుర్ర మందగిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే: ప్రమాదంలో ఉన్నామని గుర్తుపట్టాల్సిన బుర్రే ముందు దెబ్బతింటుంది. మనిషి కంటే చిన్న ప్రాణులకి ముందు తెలుస్తుంది కాబట్టి గనుల్లోకి వాటిని తీసుకెళ్లమన్నాడు. బ్రిటన్ గనుల్లో కానరీ పిట్టలు 1986 దాకా డ్యూటీ చేశాయి!

ఇప్పుడు వాసన సంగతి. 1937, టెక్సాస్‌లోని న్యూ లండన్. ఆయిల్ డబ్బుతో కట్టిన ఖరీదైన స్కూల్. ఒకే బాయిలర్ పెట్టాల్సిన చోట 70కి పైగా గ్యాస్ హీటర్లు పెట్టారు. పైగా గ్యాస్ బిల్లు మిగుల్చుకుందామని ఆయిల్ కంపెనీ వేస్ట్ గ్యాస్ లైన్‌కి కనెక్షన్ కలిపేసుకున్నారు. ఆ గ్యాస్‌కి వాసన లేదు. లీకై బిల్డింగ్ కింద ఖాళీలో పోగైంది. పిల్లలు తలనొప్పి అంటూనే ఉన్నారు, ఎవరికీ అనుమానం రాలేదు. మార్చి 18 మధ్యాహ్నం వర్క్‌షాప్‌లో సాండింగ్ మెషిన్ స్విచ్ వేశారు. ఒక్క నిప్పురవ్వ. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే.

కొన్ని వారాల్లోనే గ్యాస్‌కి వాసన కలపాలని టెక్సాస్‌లో చట్టం వచ్చింది. తర్వాత అది ప్రపంచమంతా పాకింది. మన ఇంట్లో గ్యాస్ బండ లీకైతే వచ్చే ఆ కుళ్లు వాసన ఉంది చూశారూ, అది గ్యాస్‌ది కాదు. మెర్కాప్టాన్ అనే కెమికల్‌ని కావాలనే కలుపుతారు.

కానీ ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మెర్కాప్టాన్ మండని గ్యాస్ లీకైతేనే చెబుతుంది. గ్యాస్ మండితే అదీ మండిపోతుంది. సరిగ్గా మండక పుట్టిన కార్బన్ మోనాక్సైడ్‌కి ఏ వాసనా ఉండదు. కాబట్టి "వాసన రావట్లేదు, ఫర్నేస్ బాగానే ఉంది" అనుకోవడానికి లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, లాగ్‌లో ఎర్రర్ లేకుండానే సర్వర్ చస్తోంది.

దానికి వేరే గుర్తులు చూడాలి. 1855లో బున్సెన్ ల్యాబ్ కోసం తయారైన బర్నర్ స్కూల్లో చూసే ఉంటారు. గాలి ముందే బాగా కలిస్తే మంట నీలం, కలవకపోతే పసుపు, మసి. ఫర్నేస్‌లోనూ అదే సూత్రం. మంట నిలకడగా నీలంగా ఉండాలి. పసుపుగా ఊగుతున్నా, డబ్బా చుట్టూ మసి కనిపించినా, పొగగొట్టం తుప్పుపట్టినా, కిటికీల లోపలివైపు ఎప్పుడూ లేనంత చెమ్మ పట్టినా మెకానిక్‌ని పిలవాల్సిందే. నిమిషానికోసారి ఆన్, ఆఫ్ అవుతుంటే ముందు ఫిల్టర్ చూడండి, దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు. సీజన్‌లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు కాసేపు వచ్చే కమురు వాసన మాత్రం లోపలి దుమ్ము కాలడం వల్లే, కంగారు పడక్కర్లేదు. గంటలు గడిచినా పోకపోతే ఆఫ్ చేసేయండి.

మరి అలారం ఉందిగా అంటారా? 1994 అక్టోబర్‌లో చికాగో నగరం ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేసింది. డిసెంబర్‌లో ఒకరోజు గాలి కదలక బండ్ల పొగ ఊరి మీదే నిలిచిపోయింది. ఊరంతా అలారాలు మోగి ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఊపిరాడలేదు. ఆ తర్వాత అలారాల రూల్స్ సడలించారు. ఇప్పటి అమెరికా స్టాండర్డ్ ప్రకారం 70 పీపీఎం ఉంటే అలారం మోగడానికి గంట నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు. అంతకంటే తక్కువైతే మోగకపోవచ్చు కూడా. అయినా అలారం ఉండాల్సిందే, పడకగదుల దగ్గరే ఉండాలి.

ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, జ్వరం లేదు, బయటికెళ్తే తగ్గుతోంది, ఇంటికొస్తే మళ్లీ మొదలు. అప్పుడు నిన్నటి బిర్యానీని తిట్టుకోకండి. అందర్నీ లేపి ముందు బయటికి రండి, బయట నిలబడి 911కి కాల్ చేయండి. ల్యాండ్‌లార్డ్‌కి మెసేజ్ ఆ తర్వాత పెట్టొచ్చు. అతను మర్నాడు చూస్తానంటే, రిపేర్ అయ్యేదాకా ఆ ఇంట్లో పడుకోకండి.